మూడు సెకన్లు

నాలుగూ నలభైకల్లా
కొండ వెనక్కి జారుకున్నాడు సూర్యుడు,
సెలవు చీటీ అయినా పెట్టకుండా.

హోబార్ట్‌లో జూన్ ఇరవై ఒకటి.
పొద్దున ఫోన్లో వదిన అంది:
ఆరుద్ర కార్తె వచ్చేసింది,
చేలో ఎర్ర పురుగులు తిరుగుతున్నాయి,
ముట్టుకుంటే పట్టు.
మీకూ వానలేనా?

వానలు కాదు వదినా,
పాత లైబ్రరీ కార్డుతో
కారు అద్దం మీది మంచు గీకుతున్నాను.
దక్షిణాయనమంటే మీకు పొద్దు తరగడం,
మాకు అదే మాట పెరగడం.
రెండు కాపురాల సూర్యుడు,
అక్కడ మూట సర్దుతూనే
ఇక్కడ గడియ తీస్తాడు.

పెరట్లో మా పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ము.
పదకొండేళ్ళు
మేదిని గౌన్లనీ, నా బస్ డ్రైవర్ చొక్కాల్నీ
తిప్పి తిప్పి
ఒక బుధవారం ఠక్కున ఆగిపోయింది.
పారేద్దామంటే పక్కింటి గ్లెనిస్ పడనివ్వలేదు.
"అది పొయ్యి" అంది,
ఇటుకల మీద కూర్చోబెట్టింది.

ఎనభై ఒకటి ఆమెకి.
ఈ రాత్రికి ఆమె మాటే శాసనం:
ఇంట్లో ఒక్క దీపం వెలగకూడదు.
ముందు చీకటిని కూర్చోనివ్వాలి,
ఆ తర్వాతే నిప్పు.

కూర్చున్నాం.
డిపోలో నా జతగాడు టెక్లే, అతని భార్య సెనైత్,
డ్యూటీ దిగి అలాగే వచ్చేసిన నేపాలీ నర్సు ప్రమిల,
మా కోదండం, మేదిని.
వంటింట్లో ఫ్రిజ్ గురక.
ఎవరిదో మోకాలు నా మోకాలికి ఆనింది,
ఎవరిదని అడగలేదు,
వెచ్చగా ఉంది.

చీకటి బజారు, చీకటి తప్పు,
మన భాషలో దానికి అంటగట్టిన
నేరాలన్నీ గుర్తొచ్చాయి.
పాపం, అది ఏమీ చెయ్యలేదు,
మా మధ్య చోటు చూసుకుని కూచుంది
ఉలవచారు వాసన పీలుస్తూ.

అప్పుడు అగ్గిపెట్టె.
మొదటి పుల్ల విరిగింది, రెండోది తేమ.
కోదండం లైటర్ చాపితే కసిరింది గ్లెనిస్.
మూడో పుల్లకి యూకలిప్టస్ బెరడు
చిటపటమని మేలుకుంది.

డ్రమ్ము చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు,
కంచె మీద, సెనైత్ జడల మీద,
బట్టల తీగ మీద నేను మరిచిపోయిన
ఒంటి సాక్సు మీద.
ఇన్నేళ్ళూ అది తిరిగింది.
ఇవాళ అది కదలకుండా కూచుంటే
మేం తిరుగుతున్నాం దాని చుట్టూ,
ఒకసారి ముఖం కాచుకోను,
ఒకసారి వీపు.

స్టీలు గ్లాసుల్లో ఉలవచారు.
గుర్రాల గింజ అని చెబితే
గ్లెనిస్ సకిలించి నవ్వింది,
గ్లాసు మళ్ళీ చాపింది.
చాలాసేపటికి కోటు జేబులోంచి
చెక్క గరిటె ఒకటి తీసి
మంటలో వేసింది.
"రెజ్‌ది" అంది.
అంతే.
టెక్లే లేచి కట్టె ఎగదోశాడు.

"రేపు పగలు ఎంత పెరుగుతుంది?"
మేదిని ప్రశ్న.
కోదండం ఫోన్లో వెతికి,
"మూడు సెకన్లు."
"అంతేనా! ఇంత హడావిడీ దానికా?"
మోసపోయిన మొహం పెట్టింది పిల్ల.
ఒక తుమ్ముకి సరిపోతుందన్నాడు టెక్లే.
నాడి నాలుగుసార్లు కొట్టుకుంటుందంది ప్రమిల.
గ్లెనిస్ వినలేదో, వినిపించుకోలేదో.

తెల్లారి ఆరుంబావుకి నా మొదటి ట్రిప్పు.
తెల్లారి అన్నది మాటకే,
వీధి దీపాలింకా వెలుగుతున్నాయి,
నా జుట్టంతా పొగ వాసన.
మూనా స్టాపులో తలుపు మూయబోతుంటే
పక్క అద్దంలో ఒక మనిషి,
చంకలో సంచి, ఊడిన బూటు లేసు,
పరుగు.

బటన్ మీద వేలు ఆపాను.
ఒకటి.
రెండు.
మూడోదానికి అతని కాలు
మెట్టు మీద పడింది.